రాజు కపాలం, కేబుల్ వయసు

ఓస్లోలో రైలెక్కి దక్షిణంగా స్వీడన్ సరిహద్దు వైపు వెళితే రెండు గంటలు నిండకుండానే హాల్డెన్ వస్తుంది. నార్వే చూడటానికొచ్చిన మనవాళ్లు సాధారణంగా ఆ బండి ఎక్కరు. పడమటి ఫియోర్డులకో, ఉత్తరాన ఆకాశంలో పచ్చటి వెలుగులు చూడటానికో పోతారు. నాకు మాత్రం హాల్డెన్ పేరు ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచే తెలుసు. కేబుళ్ల మీద వచ్చే సాంకేతిక పత్రాల్లో ఎక్కడో ఒకచోట ఆ ఊరి పేరు తగిలేది. మా అమ్మాయి ఓస్లోలో ఉండబట్టి వెళ్లే వీలు కుదిరింది.

“అక్కడేముంది నాన్నా?” అంది.

“కేబుళ్లున్నాయమ్మా” అన్నాను. తను రాలేదు.

మా మేనల్లుడు వచ్చాడు. వాడిది కాకినాడ. నార్వేలో ఫ్యాక్టరీలకీ, సముద్రంలోని చమురు ప్లాట్‌ఫాంలకీ కేబుల్ పరీక్షలు చేసే కంపెనీలో పని. నేను ముప్పై ఏళ్ల పైచిలుకు కరెంటు డిపార్ట్‌మెంటులో చేసి రిటైరైన వాణ్ని. ఇద్దరం ఒక బండిలో కూర్చుంటే మాట ఇంకెటు పోతుంది?

సార్ప్స్‌బోర్గ్ స్టేషన్ దాటగానే గ్లోమా నది మీద వంతెన వస్తుంది. నార్వేలో అన్నిటికన్నా పొడవైన నది అది. వంతెన పక్కనే జలపాతం, దాన్ని ఆనుకుని పవర్ హౌస్, ఫ్యాక్టరీ. మే నెల చివర కావడంతో పై కొండల మంచు కరిగి నీళ్లు గోధుమరంగులో విరుచుకుపడుతున్నాయి. ఈ దేశపు కరెంటులో దాదాపు తొంభై శాతం నీళ్లదే. ఆ కరెంటుని సముద్రం అడుగు నుంచి ఇరుగుపొరుగు దేశాలకి పంపుతారు, అవసరమైతే తెచ్చుకుంటారు. 1970ల్లోనే డెన్మార్క్‌కి కేబుల్ వేశారు. 2008లో నెదర్లాండ్స్‌కి 580 కిలోమీటర్ల నోర్‌నెడ్ వేశారు, 2021లో ఇంగ్లండుకి 720 కిలోమీటర్ల నార్త్ సీ లింక్. విశాఖలో రెండు కిలోమీటర్ల 33 కేవీ కేబుల్‌కి నాలుగు జాయింట్లుంటేనే రాత్రిళ్లు నిద్రపట్టని వాడికి ఈ అంకెలు విన్నప్పుడు కలిగేది ఆశ్చర్యం కాదు, భయం.

హాల్డెన్ చిన్న ఊరు. స్టేషన్ బయటికి రాగానే టిస్టా నది ఫియోర్డులో కలిసేచోటు, తలెత్తితే కొండ మీద ఫ్రెడ్రిక్‌స్టెన్ కోట. ఊరికి వేరే పేరున్న రోజుల్లో, 1716లో, స్వీడన్ సైన్యం వచ్చి పడితే జనం తమ ఇళ్లకి తామే నిప్పుపెట్టుకున్నారు, శత్రువుకి నిలవ నీడ దొరక్కూడదని. ఆ సంగతి నార్వే జాతీయగీతంలోకి కూడా ఎక్కింది. ఒక ఊరు తగలబడటం జాతీయగీతంలో ఉండటం నాకు కాస్త వింతగానే తోచింది.

కోట పక్కన పెడితే, ఈ ఊళ్లో మూడు పరిశ్రమలు నాలాంటివాణ్ని ఆకర్షిస్తాయి. నది ఒడ్డున కాగితం మిల్లు. 1859లో మొదలైన కంపెనీ, రంగుల పత్రికలకి వాడే కాగితం చేస్తుంది. నీటి ఒడ్డున నెక్సాన్స్ వాళ్ల కేబుల్ ఫ్యాక్టరీ. సముద్రంలో వేసే హైవోల్టేజి కేబుళ్లు ఇక్కడ తయారై, బయట రోడ్డెక్కకుండానే ఓడలోకి చుట్టుకుంటాయి. ఈ పనికే కట్టిన నెక్సాన్స్ అరోరా అనే ఓడ ఒక్క విడతలో 10,000 టన్నుల కేబుల్ మోస్తుంది. లోపలికి మమ్మల్నెవరూ రమ్మనలేదు. ఒడ్డున నిలబడి చూసి తృప్తిపడ్డాం. అన్నట్టు, సముద్రం అడుగున వేసే డీసీ కేబుళ్లలో ఇప్పటికీ చాలావాటికి ఇన్సులేషన్ కాగితమే. సన్నటి పట్టీలుగా పొరల మీద పొరలు చుట్టి చిక్కటి నూనెలో నానబెడతారు. పైనున్న మిల్లు చేసేది ఆ కాగితం కాదుగానీ, ఒకే ఊళ్లో రెండూ చూడటం నాకు సరదాగా అనిపించింది.

మూడోది కంటికి కనిపించదు. మిల్లు దగ్గర కొండని తొలిచి చేసిన గుహలో 1959 నుంచి 2018 దాకా ఒక అణు రియాక్టర్ నడిచింది. భారజలంతో నడిచే పరిశోధన రియాక్టర్, ఉష్ణశక్తి లెక్కన 25 మెగావాట్ల చిన్నది. దాంతో కరెంటు తియ్యలేదు. వేడిని పరిశోధనకి వాడుకుని, వచ్చిన ఆవిరిని కాగితం మిల్లుకి పంపేవారు. అణుశక్తితో పత్రికల కాగితం ఆరబెట్టిన ఊరు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందో లేదో మరి. ఇప్పుడు అది మూతబడి, విడదీసే పనుల్లో ఉంది. బయట కంచె, కొండలోకి పోయే దారి, అంతే. ఫోటో తీద్దామా అని ఒక్క నిమిషం ఆలోచించి మానేశాం.

ఆ గుహ చుట్టూ 1958 నుంచి చాలా దేశాలు కలిసి నడిపిన పరిశోధన కార్యక్రమంలోంచే నేను వెతుక్కుంటూ వచ్చిన సంగతి పుట్టింది. అణు విద్యుత్ కేంద్రాలు నలభై ఏళ్లకని కట్టారు. నలభై నిండేసరికి అరవై నడుపుతామన్నారు. పంపు మార్చొచ్చు, వాల్వు మార్చొచ్చు, ఆవిరి జనరేటర్ని కూడా గోడ పగలగొట్టి మార్చిన కేంద్రాలున్నాయి. కానీ గోడల్లోంచి, ట్రేల మీదుగా, పైపుల్లోంచి వందల కిలోమీటర్లు పాకిన కేబుళ్లనేం చేస్తారు? పాత పద్ధతి ఒకటుంది. కేబుల్ తొడుగు ముక్క కోసి యంత్రంలో పెట్టి తెగేదాకా లాగుతారు. కొత్తది రబ్బరు కాబట్టి సాగుతుంది. వేడికీ రేడియేషన్‌కీ ముదిరింది పెళుసెక్కి తొందరగా తెగుతుంది. సాగడం యాభై శాతానికి పడిపోతే ఆయుష్షు తీరినట్టు లెక్క. పరీక్ష ఖచ్చితమైనదే. చిక్కల్లా ఏమిటంటే ముక్క కోశాక ఆ కేబుల్ మళ్లీ పనికిరాదు, కొయ్యని చోట ఎలా ఉందో తెలియదు.

ఈ శతాబ్దం మొదటి దశకంలో పావొలో ఫాంటోని అనే పరిశోధకుడు ఇక్కడ అభివృద్ధి చేసిన పద్ధతి పేరు లైన్ రెజొనెన్స్ అనాలిసిస్, పొట్టిగా లీరా. కోతా లేదు, హైవోల్టేజీ లేదు. కేబుల్ ఒక కొస దగ్గర కొద్ది వోల్టుల సిగ్నల్ ఇచ్చి, దాని ఫ్రీక్వెన్సీని కిందనుంచి మెగాహెర్ట్జుల దాకా జరుపుకుంటూ పోతారు. ఒక్కొక్క ఫ్రీక్వెన్సీ దగ్గర కేబుల్ ఎంత అడ్డు, అంటే ఇంపిడెన్స్, చూపిస్తోందో రాసుకుంటారు. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, పగులుంటే మోత మారుతుంది. పని అదే. కాకపోతే ఇక్కడ పగులు ఎన్నో మీటరు దగ్గరుందో కూడా చెప్పాలి.

నది ఒడ్డున ఒక కాఫీ కొట్లో కూర్చున్నాం. కాఫీ పలచగా, చేదుగా ఉంది. నార్వే వాళ్లు దాన్ని చెంబులకి చెంబులు తాగుతారు. మేనల్లుడు కాగితపు రుమాలు తీసి పెన్నుతో గీత గీశాడు.

“ఇది కిలోమీటరు కేబుల్ అనుకో మావయ్యా. ఎక్స్‌ఎల్‌పీఈ ప్లాస్టిక్ ఇన్సులేషన్‌లో సిగ్నల్ మైక్రోసెకనుకి నూట అరవై మీటర్లు పోతుంది, ఉజ్జాయింపుగా. అవతలి కొస ఓపెన్. అక్కడ తగిలి వెనక్కొస్తుంది. పోయేదీ వచ్చేదీ కలిసి ఇంపిడెన్స్‌లో ఎత్తులూ పల్లాలూ వస్తాయి. ఎంతెంత దూరంలో వస్తాయో చెప్పు?”

వేగాన్ని పొడవుకి రెట్టింపుతో భాగించాలి. పదహారు కోట్లని రెండు వేలతో భాగిస్తే ఎనభై వేలు. 80 కిలోహెర్ట్జులకి ఒక శిఖరం చొప్పున వస్తాయి.

“అదీ. ఇప్పుడు ఆరువందల మీటర్ల దగ్గర ఒక రెండు మీటర్ల మేర పక్కనున్న ఆవిరి పైపు వేడికి ఇన్సులేషన్ ముదిరింది. తెగలేదు, ఫాల్ట్ లేదు, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెడితే గిగా ఓములు చూపిస్తుంది. కానీ అక్కడ కెపాసిటెన్స్ రవ్వంత మారింది. కాబట్టి సిగ్నల్లో రవ్వంత అక్కణ్నుంచే వెనక్కొస్తుంది. ఆ కలగలుపుకి ఇంకో లయ ఉంటుంది.”

పదహారు కోట్లని పన్నెండు వందలతో భాగించాను. 133 కిలోహెర్ట్జులు. పెద్ద అలల మీద ఆ చిన్న అల స్వారీ చేస్తుంది. కంటితో చూస్తే గీతలో ఏమీ తెలీదు. ఫూరియే లెక్కతో లయల్ని విడదీస్తే, 133కి ఎదురుగా ఒక ముల్లు లేస్తుంది. ఆ ముల్లుని మీటర్లలోకి మారిస్తే ఆరువందలు. మొత్తం కేబుల్ ఒకే తీరున ముదిరిపోతే ముల్లు లేవదు. అప్పుడు సిగ్నల్ వేగం, అది దారిలో బలం కోల్పోయే తీరు మారతాయి. 80 కాస్తా తగ్గి కూర్చుంటుంది. రుమాలు మీద ఈ లెక్క చేస్తున్నప్పుడు, ఇంజనీరింగు రెండో ఏడాదిలో బట్టీపట్టి పరీక్ష రాసి మర్చిపోయిన ట్రాన్స్‌మిషన్ లైన్ సమీకరణాలు మళ్లీ మీదపడ్డాయి.

“మరి మేం చేసే టాన్ డెల్టా సంగతి?” అన్నాను, మన వైపు పద్ధతుల మీద కాస్త పౌరుషంతోనే.

“అది తప్పని ఎవరన్నారు? నేనూ చేస్తా” అన్నాడు.

టాన్ డెల్టా గురించి రెండు మాటలు. మంచి ఇన్సులేషన్‌కి వోల్టేజి ఇస్తే అది చార్జి తీసుకుని తిరిగిచ్చేస్తుంది. ముదిరింది, తడి పట్టింది అయితే కొంత తనలోనే వేడిగా మింగేస్తుంది. ఆ మింగే పాలు ఎంతన్నదే టాన్ డెల్టా. 50 హెర్ట్జుల్లో కొలవాలంటే పొడవాటి కేబుల్‌కి లారీ నిండా పరికరాలు కావాలి. అందుకని సెకనుకి పదోవంతు ఆవృత్తితో, అంటే 0.1 హెర్ట్జు దగ్గర కొలుస్తారు. చార్జింగ్ కరెంటు ఐదు వందల వంతుకి పడిపోతుంది, సరంజామా ఒక వ్యానులో పడుతుంది. వోల్టేజి పెంచే కొద్దీ విలువ పైకి పాకిందంటే లోపల వాటర్ ట్రీలు అల్లుకున్నాయని అనుమానించాలి. తేమా, విద్యుత్ క్షేత్రమూ కలిసి ప్లాస్టిక్‌లో సన్నటి కొమ్మలుగా పాకే జబ్బు అది. 1970ల్లో పాశ్చాత్య దేశాల్లో వేసిన తొలితరం కేబుళ్లని దుంపనాశనం చేసింది అదే. పాతబడ్డ ఎక్స్‌ఎల్‌పీఈ మీద డీసీ హైపాట్, అంటే హైవోల్టేజి పరీక్ష, కొట్టడం మానెయ్యమని చెప్పేదీ అందుకే. పరీక్షలో నెగ్గిన కేబుల్‌లోనే చార్జి చిక్కుకుపోయి, తిరిగి ఏసీ ఎక్కించాక పేలుతుంది.

టాన్ డెల్టా చెప్పేది మొత్తం కేబుల్ సగటు. రెండు కిలోమీటర్ల మంచి కేబుల్ మధ్యలో ఒక్క చెడ్డ జాయింటుంటే ఆ సగటులో దాక్కుంటుంది. దాన్ని పట్టుకోడానికి పార్షియల్ డిశ్చార్జి పరీక్ష ఉంది. ఇన్సులేషన్‌లో గాలి బుడగ ఉన్నచోట వోల్టేజి కింద చిటుక్కుమని చిన్న మెరుపు, పికో కూలంబుల్లో. ఆ చిటుకు రెండు పక్కలకీ పరిగెడుతుంది. ఇటు నేరుగా వచ్చిందీ, అటు కొసన తగిలి తిరిగొచ్చిందీ ఎంత తేడాతో అందాయో చూస్తే చోటు దొరుకుతుంది. ఇందాకటి కిలోమీటరు కేబుల్‌లోనే తేడా ఐదు మైక్రోసెకన్లయితే, అవతలి కొస నుంచి నాలుగు వందల మీటర్లు. మళ్లీ అదే ఆరువందల మీటరు. జాయింట్ చేసేటప్పుడు సెమికండక్టర్ పొర సరిగ్గా గీకని చేతులు ఎవరివో కూడా చెప్పేస్తే బాగుండును.

అయితే వాటర్ ట్రీ ముదిరి ఎలక్ట్రికల్ ట్రీగా మారేదాకా చిటుకు వినిపించదు. లీరా జాతి పద్ధతులకేమో ప్రతి జాయింటూ ఒక ముల్లే; అది మంచి జాయింటో చచ్చే జాయింటో ముల్లుని చూసి చెప్పడం కష్టం. పైగా ఫ్రీక్వెన్సీ పెంచితే చోటు ఖచ్చితంగా తెలుస్తుంది గానీ సిగ్నల్ దారిలోనే ఆవిరవుతుంది. తగ్గిస్తే దూరం పోతుంది గానీ ముల్లు మొద్దుబారుతుంది. ఇవన్నీ అమ్మడానికొచ్చే వాళ్ల బ్రోషర్లలో చిన్నక్షరాల్లో కూడా ఉండవు.

“మరి ముల్లు మంచిదో చెడ్డదో ఎలా చెబుతావురా?”

“మొదటి రోజు ట్రేస్ ఉంటే చెబుతా. కమిషన్ చేసిన రోజు తీసిన గీత పక్కన ఇవాళ్టి గీత పెడితే, పెరిగిన ముల్లు ఏదో పిల్లాడైనా చూపిస్తాడు. అది లేకపోతే పక్క ఫేజుతో పోల్చుకుంటా. అదీ లేకపోతే రిపోర్టు కవిత్వం అవుతుంది.”

కాఫీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు. కోట ఎక్కడం మొదలుపెట్టాం. నిటారు దారి, నా మోకాళ్లు మాట్లాడటం మొదలెట్టాయి.

పైన గడ్డిమైదానం పక్కన ఒక స్మారకం. స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్ పడిపోయిన చోటు. 1718లో మళ్లీ ఈ కోట ముట్టడించాడు. నవంబరు 30 రాత్రి, అప్పటి స్వీడన్ క్యాలెండరు ప్రకారం, కందకంలోంచి తల పైకెత్తి చూస్తుండగా ఒక గుండు ఈ కణత నుంచి ఆ కణతకి దూసుకుపోయింది. ముప్పై ఆరేళ్లు. అక్కడికి ముట్టడి అయిపోయింది, స్వీడన్ సామ్రాజ్యమూ దాదాపు అయిపోయింది. చంపింది కోటలోని నార్వే సైనికులా, యుద్ధాలతో విసిగిన సొంతవాళ్లా అన్న అనుమానం మాత్రం అయిపోలేదు. ఆ రాత్రి ఎవరూ గాయాన్ని కొలిచి, చీకట్లో ఏ దిక్కునుంచి వచ్చిందో సరిగ్గా రాసిపెట్టలేదు. అంచేత 1746లో శవపేటిక తెరిచారు. 1799లో తెరిచారు. 1859లో తెరిచారు. 1917లో తెరిచి కపాలానికి ఎక్స్‌రేలు కూడా తీశారు. ఒక్కొక్క బృందం ఒక్కొక్క మాట చెప్పింది. ఈలోగా 1924లో ఒక సైనికుడి గుండీలో సీసం పోసి చేసిన గుండు దొరికిందని, రాజుని చంపింది అదేనని ఇంకో కథ. 2022లో ఫిన్లండులోని ఊలు విశ్వవిద్యాలయం వాళ్లు కృత్రిమ కపాలాల మీద కాల్చి చూసి, ఇరవై మిల్లీమీటర్ల కన్నా పెద్ద ఇనుప గుండు అయ్యుంటుందని, అంటే కోట వైపు ఫిరంగిలోంచి మూటగా పేల్చిన గుళ్లలో ఒకటని తేల్చారు. మూడు వందల ఏళ్లు పట్టింది. రాజు టోపీకున్న చిల్లు కొలతతో పాత పరిశోధకులు దారితప్పారట. ఉన్ని బట్ట గుండు దాటాక ముడుచుకుపోతుంది.

“పాపం, బేస్‌లైన్ లేదు” అన్నాడు మేనల్లుడు.

నవ్వాను గానీ నా మనసు విశాఖలో ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి స్తంభాలన్నీ పడుకోబెట్టాక, నగరంలో లైన్లని భూమిలోకి దించే పని ప్రపంచబ్యాంకు సాయంతో జరిగింది. మంచి పనే. గాలికి పడేది ఇక లేదు. అయితే స్తంభం మీది తీగ తెగితే కాకికి కూడా కనిపిస్తుంది. భూమిలోని కేబుల్ ముదరడం కంటికి కనిపించదు. సముద్రపు ఉప్పు నేల, వానాకాలం నీళ్లు నిలిచే ట్రెంచులు, పై నుంచి రోజూ ఏదో ఒక శాఖ తవ్వకాలు, వేసవిలో ఏసీల లోడు. ఎక్స్‌ఎల్‌పీఈ కండక్టరు తొంభై డిగ్రీల దాకా ఓర్చుకునేలా చేస్తారు. అంతకు మించిన ప్రతి వేసవీ ఆయుష్షులోంచి కోసుకునేదే. ఆ కేబుళ్లు కొత్తగా ఉన్న రోజులే వాటి గీతలు తీసి దాచుకోవాల్సిన రోజులు. ముప్పై ఏళ్ల తర్వాత ఎంత ఖరీదైన పరికరం కొన్నా ఆ రోజుల్ని తిరిగి కొనలేం. మన దగ్గర వ్యానులున్నాయి, పరికరాలున్నాయి, నడిపే కుర్రాళ్లూ ఉన్నారు. ఫాల్ట్ వచ్చిన రాత్రి ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని, ఫాల్ట్ దగ్గర ధబ్బుమని మోగించే థంపర్ పెట్టి, రోడ్డుకి చెవి ఆనించి చోటు పట్టుకునే లైన్‌మన్లకి నేను ఇప్పటికీ దండం పెడతాను. కానీ ఆ ప్రతిభంతా చచ్చాక వెతకడంలో ఖర్చవుతోంది.

“అంతా సరే, ఇంకా ఎన్నేళ్లు బతుకుతుందో చెబుతుందా నీ గీత?” దిగేటప్పుడు అడిగాను.

“చెప్పదు. చెబుతుందని అమ్మేవాణ్ని నమ్మకు. ముందుగా దేన్ని మార్చాలో వరస చెబుతుంది. పది ఫీడర్లలో రెండు మార్చి ఎనిమిది వదిలెయ్యొచ్చని చెబుతుంది. నాకు జీతమిచ్చేది ఆ ఎనిమిదే.”

తిరుగు రైల్లో ఉండగా, నేను చివర పనిచేసిన డివిజన్లో ఇప్పుడున్న ఏఈకి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను: మన 33 కేవీ ఫీడర్లకి కమిషనింగ్ అప్పుడు తీసిన టాన్ డెల్టా, టీడీఆర్ (పల్సు ప్రతిధ్వని) ట్రేసులు ఎక్కడున్నాయి? అక్కడ రాత్రి తొమ్మిది దాటి ఉంటుంది. మోస్ స్టేషన్ వచ్చేలోపే జవాబిచ్చాడు, బుద్ధిమంతుడు.

“నమస్తే సార్. మెగ్గర్ వాల్యూస్ రిజిస్టర్లో ఉన్నాయి సార్. ట్రేసులు వ్యాను లాప్‌టాప్‌లో ఉండాలి. వ్యాను మారింది సార్. పాత లాప్‌టాప్ ఎవరి దగ్గరుందో సోమవారం కనుక్కుంటాను.”

ఆ సోమవారం నేనే ఫోన్ చేశాను. స్టోర్సులో ఉందట. చార్జర్ దొరకలేదట. చార్జర్ నేను కొనిస్తానని చెప్పాను.